మాస్టర్స్ ఇన్ ఆర్కిటెక్చర్‌కు అప్లై చేయాలంటే: డెడ్‌లైన్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి

జ్యూరీ (ప్రాజెక్టును టీచర్ల ముందు పెట్టి వివరించే రోజు) అయిపోయిన సాయంత్రం ఆర్కిటెక్చర్ స్టూడియో ఎలా ఉంటుందో బీఆర్క్ చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రెండు మూడు రాత్రుళ్లుగా నిద్ర ఉండదు. గోడకు అంటించిన ఏ1 షీట్లు ఒక మూల ఊడి వేలాడుతుంటాయి. మోడల్‌ను బల్ల కిందికి తోసేసి అందరూ హాస్టల్‌కి వెళ్లి పడిపోతారు. వారం తర్వాత వస్తే షీట్ల మీద టీ మరకలు, మోడల్ పైకప్పు మీద ఎవరిదో బ్యాగు. సెలవులయ్యాక వచ్చేసరికి గది శుభ్రంగా ఊడ్చేసి ఉంటుంది. మోడల్ ఉండదు.

రెండేళ్ల తర్వాత అదే విద్యార్థి మాస్టర్స్‌కు అప్లై చేద్దామని కూర్చుంటే, స్కూళ్లు అన్నిటికన్నా ఎక్కువగా చూసేది పోర్ట్‌ఫోలియో, అంటే మన డిజైన్ పనుల సంకలనం. అందులో పెట్టాల్సింది ఆ ప్రాజెక్టే. మిగిలింది మాత్రం వాట్సాప్‌లో ఫ్రెండ్ పంపిన మసక ఫోటో ఒక్కటి. నాకూ ఇదే జరిగింది. మూడో ఏడాదిలో నేను ప్రాణం పెట్టి చేసిన హౌసింగ్ ప్రాజెక్టు ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌తో పాటే పోయాయి. అప్లికేషన్ల సమయంలో ఒక ఏ3 ప్రింట్ ముందు పెట్టుకుని ప్లాన్లు, సెక్షన్లు (భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగులు) మళ్లీ గీశాను. పద్దెనిమిది రోజులు పట్టింది. అవి ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) రాసుకోవాల్సిన రోజులు.

అందుకే ఇది ముఖ్యంగా ఇంకా కాలేజీలో ఉన్నవాళ్లకు, ఉద్యోగంలో చేరి ఒకటి రెండేళ్లయినవాళ్లకు రాస్తున్నాను. మన దగ్గర నుంచి ఎక్కువమంది అమెరికాకే అప్లై చేస్తారు కాబట్టి ఎక్కువ మాట దాని గురించే. ఇండియాలోనే చదవాలనుకునేవాళ్ల దారి చివర్లో చెప్తాను.

ముందు ఏ డిగ్రీ కావాలో తేల్చుకోండి

స్కూళ్ల జాబితా దగ్గర మొదలుపెట్టకండి. డిగ్రీ దగ్గర మొదలుపెట్టండి. అమెరికాలో ఎంఆర్క్ అనే ఒకే మాట కింద రెండు రకాల చదువులు నడుస్తున్నాయి. ఈ తేడా తెలియక పొరపాటున చేరినవాళ్లు ఉన్నారు.

మొదటిది ప్రొఫెషనల్ ఎంఆర్క్. దీనికి అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలను పరిశీలించే ఎన్‌ఏఏబీ అనే సంస్థ గుర్తింపు ఉంటుంది. డిగ్రీలో ఆర్కిటెక్చర్ చదవనివాళ్లు కూడా చేరొచ్చు. వాళ్లకు మూడు, మూడున్నరేళ్లు పడుతుంది. ముందే ఆర్కిటెక్చర్ చదివినవాళ్లకు కొన్ని స్కూళ్లు మొదటి ఏడాది మినహాయించి పై సెమిస్టర్‌లో చేర్చుకుంటాయి. రెండోది పోస్ట్ ప్రొఫెషనల్. ఇది మన ఐదేళ్ల బీఆర్క్ లాంటి డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ల కోసం పెట్టిన చదువు. ఎంఐటీలో ఎస్‌మార్క్స్ రెండేళ్లు, కొలంబియాలో అడ్వాన్స్‌డ్ ఆర్కిటెక్చరల్ డిజైన్ మూడు సెమిస్టర్లు. ఇవన్నీ ఆ కోవలోవే. వీటికి ఎన్‌ఏఏబీ గుర్తింపు ఉండదు.

మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అక్కడ లైసెన్స్ తీసుకుని ఆర్కిటెక్ట్‌గా స్థిరపడాలా, లేక ఒక విషయం లోతుగా చదివి తిరిగి రావాలా? లైసెన్స్ కావాలంటే చాలా రాష్ట్రాల్లో ఎన్‌ఏఏబీ గుర్తింపున్న డిగ్రీయే సులువైన దారి. దాని మీద, లైసెన్స్ నిబంధనలు చూసే ఎన్‌సీఏఆర్‌బీ సంస్థ లెక్క ప్రకారం 3,740 గంటల పని అనుభవం చూపించాలి, ఏఆర్ఈ అనే లైసెన్స్ పరీక్షలో ఆరు భాగాలు పాసవ్వాలి. పోస్ట్ ప్రొఫెషనల్ డిగ్రీతో వెళ్లినవాళ్లకు దారి మూసుకుపోదు. కాకపోతే మన బీఆర్క్‌ని ఈఈఎస్ఏ అనే మూల్యాంకనానికి పంపి, అందులో తక్కువని తేలిన సబ్జెక్టులు విడిగా పూర్తి చేసుకోవాల్సి రావచ్చు. పాఠాలు చెప్పాలి, రీసెర్చ్ చేయాలి, ఇండియాకి వచ్చి సొంత ప్రాక్టీసు పెట్టుకోవాలి అనుకునేవాళ్లకు పోస్ట్ ప్రొఫెషనలే మేలని నా అభిప్రాయం. తక్కువ కాలం, తక్కువ అప్పు, చదువులో ఎక్కువ స్వేచ్ఛ.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చూడాలి. చదువయ్యాక పనిచేయడానికి ఎఫ్1 (స్టూడెంట్ వీసా) విద్యార్థులకు ఓపీటీ అనే 12 నెలల పని అనుమతి ఉంటుంది. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే దానికి మరో 24 నెలలు కలుస్తాయి. ఒకే స్కూల్లో పక్కపక్కన ఉన్న రెండు కోర్సుల్లో ఒకటి స్టెమ్ అయి, ఇంకొకటి కాకపోవచ్చు. కోర్సు పేరు చూసి ఊహించకండి. అది ఏ కోవలోకి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్ ఏమిటో అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. ఉదాహరణకు 04.0902 కోడ్ స్టెమ్ జాబితాలో ఉంది.

సివిల్ ఇంజనీరింగ్ చదివి ఆర్కిటెక్చర్ మీద ఇష్టంతో మూడేళ్ల ఎంఆర్క్‌కి వెళ్దామనుకునేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలామందే కనిపిస్తారు. మీ నిర్ణయం మంచిదే. కానీ ఇండియాలో ఆర్కిటెక్ట్ అని పేరు ముందు రాసుకోవాలంటే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయి ఉండాలి. మీరు చేరబోయే విదేశీ డిగ్రీకి ఆ గుర్తింపు ఉందో లేదో వెళ్లకముందే కౌన్సిల్‌కి రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి. బీఆర్క్ అయినవాళ్లు విమానం ఎక్కేలోపు ఆ రిజిస్ట్రేషన్ పూర్తి చేసుకోండి. ఎప్పుడైనా తిరిగి వస్తే పనికొస్తుంది.

క్యాలెండర్‌ను వెనక నుంచి నింపండి

2027 ఆగస్టులో క్లాసులో కూర్చోవాలనుకుంటున్నారనుకోండి. అమెరికా ఆర్కిటెక్చర్ స్కూళ్ల డెడ్‌లైన్లు ఎక్కువగా డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్యలో పడతాయి. అంటే 2026 డిసెంబర్ మొదటి వారానికి మీ దగ్గర అన్నీ సిద్ధంగా ఉండాలి. అక్టోబర్, నవంబర్ ఎస్‌ఓపీకి, పోర్ట్‌ఫోలియో చివరి దిద్దుబాట్లకు. ఆగస్టులో రికమండేషన్ ఇచ్చే సార్లను, మేడమ్‌లను అడగాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పోర్ట్‌ఫోలియో. దాని కన్నా ముందే, వేసవిలోనే ఇంగ్లిష్ పరీక్ష అయిపోవాలి. 2026 మొదటి మూడు నెలలు డిగ్రీ, స్కూళ్లు తేల్చుకోవడానికి. మొత్తం పదకొండు నెలలు. ఉద్యోగం చేస్తూ ఇవన్నీ చేయాలి కాబట్టి ఇది ఎక్కువ సమయమేమీ కాదు.

ఐదో ఏడాదిలో ఉండగానే అప్లై చేయాలనుకునేవాళ్లు ఒకటి గమనించండి. డెడ్‌లైన్ వచ్చేసరికి థీసిస్ సగంలో కూడా ఉండదు. మీ జీవితంలో అతి పెద్ద ప్రాజెక్టు లేకుండానే పోర్ట్‌ఫోలియో పంపాల్సి వస్తుంది, దాని వల్ల థీసిస్ కూడా దెబ్బతింటుంది. ఒక ఏడాది, కుదిరితే రెండేళ్లు ఆఫీసులో పనిచేసి అప్లై చేయమని నేను గట్టిగా చెప్తాను. సైట్‌లో స్లాబ్ వేస్తుంటే దగ్గరుండి చూసినవాళ్లు గీసే సెక్షన్ వేరుగా ఉంటుంది. ఏ విషయం మీద ఇష్టమో కూడా అప్పటికి తెలుస్తుంది. ఇంట్లోవాళ్లు "గ్యాప్ వస్తుంది కదా" అని కంగారుపడతారు. ఆర్కిటెక్చర్ స్కూళ్లు ఆఫీసు అనుభవాన్ని గ్యాప్‌గా చూడవని వాళ్లకు నిదానంగా చెప్పండి.

ఆరేడు స్కూళ్లు చాలు. ఒక్కో అప్లికేషన్ ఫీజు సాధారణంగా 75 నుంచి 100 డాలర్ల దాకా ఉంటుంది. పన్నెండింటికి పెడితే డబ్బు పోతుంది, ప్రతి ఎస్‌ఓపీ పలచబడుతుంది. ప్రతి స్కూల్లో ఎవరు పాఠాలు చెప్తున్నారు, స్టూడియోలు దేని మీద నడుస్తున్నాయి, పోయినేడు విద్యార్థులు ఏం చేశారు అన్నవి చదివి రెండు వాక్యాలు రాసుకోండి. ఆ రెండు వాక్యాలు రాయలేని స్కూల్‌ని జాబితాలోంచి తీసేయండి.

ఈ సెమిస్టర్ పని ఈ సెమిస్టర్‌లోనే దాచుకోండి

మోడల్ ఫోటోలు జ్యూరీ రోజే తీయాలి. ఇంకా మంచిది, ముందు రోజు రాత్రి పెట్టిన జిగురు ఆరాక, తెల్లవారగానే తీయడం. సన్‌బోర్డ్ అంచులు ఒకట్రెండు రోజుల్లోనే నలిగిపోతాయి. వానాకాలం గాలి తేమకు మౌంట్‌బోర్డ్ గోడలు వంగుతాయి. ఫెవిక్విక్ వేసినచోట తెల్లటి పొగలాంటి మరక వస్తుంది.

పెద్ద కెమెరా ఏమీ అక్కర్లేదు. ఉత్తరం వైపు కిటికీ లేదా వరండా చూసుకోండి, ఎండ నేరుగా పడకూడదు. బల్ల మీద తెల్ల చార్ట్ పరిచి, దాని వెనక అంచును గోడ మీదికి మడత పడకుండా వంపుగా ఎక్కించి టేపు వేయండి. అప్పుడు మోడల్ వెనక గీత కనబడదు. మోడల్‌ను గోడకు ఒక అడుగు ముందుకు జరపండి. ఫోన్‌ని పుస్తకాల దొంతర మీద ఆనించి, ఫ్లాష్ ఆపేసి, టైమర్ పెట్టండి. వైడ్ లెన్స్ వద్దు, గోడలు వాలిపోయినట్టు వస్తాయి. కొంచెం దూరం జరిగి 2ఎక్స్‌లో తీయండి. పైనుంచి ఒకటి, మూల నుంచి ఒకటి తీశాక, అసలైనది తీయండి: ఫోన్‌ను మోడల్‌లో మనిషి కంటి ఎత్తుకు దించి, గుమ్మంలోంచి లోపలికి చూస్తున్నట్టు. కిటికీ వెలుతురు మీరు పెట్టిన జాలీలోంచి నేల మీద పడే ఆ ఫోటో పది రెండర్ల (కంప్యూటర్‌లో చేసిన బొమ్మల) పెట్టు.

ఫైళ్ల సంగతి. ఒక్కో ప్రాజెక్టుకి ఒక ఫోల్డర్. అందులో ఒరిజినల్ క్యాడ్, రైనో, స్కెచ్‌అప్ ఫైళ్లు, వాటికి లింక్ అయిన టెక్స్‌చర్లు, చివరి షీట్ల పీడీఎఫ్‌లు, మోడల్ ఫోటోలు ఉండాలి. బటర్ పేపర్ స్కెచ్‌లు పారేయకండి, 300 డీపీఐలో స్కాన్ చేయండి. చేత్తో గీసిన పెద్ద షీట్లను ప్లాటర్ షాపుల్లో ఉండే పెద్ద స్కానర్ మీద తీయిస్తే నిటారుగా వస్తాయి. దాంతోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో సైట్ ఎక్కడ, ఏ సెమిస్టర్, గైడ్ ఎవరు, గ్రూప్ పనైతే మీరేం చేశారు, జ్యూరీలో ఏమన్నారు అని ఐదు లైన్లు రాసుకోండి. రెండేళ్ల తర్వాత ఎస్‌ఓపీ రాస్తున్నప్పుడు ఆ ఐదు లైన్ల విలువ తెలుస్తుంది. మొత్తం ఫోల్డర్‌ని ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, మూడు చోట్ల ఉంచండి.

పోర్ట్‌ఫోలియో: ఏం పెట్టాలి, ఏం తీసేయాలి

నాలుగైదు ప్రాజెక్టులు చాలు, ఆరు దాటొద్దు. ఐదేళ్ల పని మొత్తం వరసగా చూపించాలనే ఆశ వదులుకోండి. ఎంపిక చేసేవాళ్లు ఒక్కరోజులో ఎన్నో పోర్ట్‌ఫోలియోలు చూస్తారు. మొదటి ప్రాజెక్టులో ఆగకపోతే తర్వాతివి వేగంగా తిప్పేస్తారు. అన్నిటికన్నా మంచిది ముందు పెట్టండి, రెండో మంచిది చివర్లో.

మన విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ఎయిర్‌పోర్ట్, కన్వెన్షన్ సెంటర్, ఐటీ పార్క్ లాంటి పెద్ద పెద్ద ప్రాజెక్టులకు మెరిసే రెండర్లు వేసి ముందు పేజీల్లో పెడతారు. రెండో ఏడాదిలో ఊరెళ్లి టేపు పట్టుకుని కొలిచి గీసిన పాత ఇంటి డాక్యుమెంటేషన్‌ను "అది చిన్న ఎక్సర్‌సైజ్ కదా" అని వదిలేస్తారు. నన్నడిగితే ఆ రెండోదే ముందు పెట్టమంటాను.

గోదావరి జిల్లాల మండువా లోగిలిని తీసుకోండి. నాలుగు వైపులా పెంకుటి కప్పులు లోపలికి వాలి ఉంటాయి, నడిమధ్య ఆకాశానికి తెరిచిన మండువా. వానొస్తే నాలుగు చూరుల నీళ్లూ అక్కడికే దిగుతాయి, తూములోంచి బయటికి పోతాయి. దాన్ని కొలిచి గీసినవాళ్ల దగ్గర ఎన్ని విషయాలుంటాయో చూడండి. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం ఎంత, చూరు ఎంత కిందికి దిగింది, ఏప్రిల్ మధ్యాహ్నం వసారాలో నీడ ఎంతదాకా వస్తుంది, ధాన్యం ఎక్కడ పెడతారు, ఆడవాళ్లు పని చేసుకునే చోటికి వెలుతురు ఎటునుంచి వస్తుంది. ఒక్క సెక్షన్‌లో వాన చుక్క పెంకు మీద పడి తూము దాటేదాకా గీతలు గీసి చూపించండి. బోస్టన్‌లో కూర్చుని చూసే ప్రొఫెసర్ అలాంటి డ్రాయింగ్ ఇంకో పోర్ట్‌ఫోలియోలో చూసి ఉండడు. ఉత్తరాంధ్ర తీరంలో తుఫాను గాలికి నిలిచే చుట్టిళ్లు, పోచంపల్లిలో మగ్గం గుంట చుట్టూ అల్లుకున్న ఇల్లు కూడా అలాంటివే. మీరు కళ్లారా చూసి, చేత్తో కొలిచింది ఏదైనా సరే.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. చూసేవాళ్లకు మన ఊళ్లు తెలియవు. మొదటి పేజీలోనే ఊరు, వాతావరణం, ఆ చోటు ఎవరిదో రెండు వాక్యాల్లో చెప్పండి. చిన్న లొకేషన్ మ్యాప్ పెట్టండి.

గ్రూప్ పని పెట్టొచ్చు. పక్కన అందరి పేర్లు, మీరు చేసిన భాగం స్పష్టంగా రాయండి. ఆఫీసు డ్రాయింగులు పెట్టాలంటే ముందు ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి, "ఫలానా ఆఫీసులో, నా పని ఇది" అని రాయండి. వేరేవాళ్ల పని మీదిగా చూపించినట్టు ఏ మాత్రం అనుమానం వచ్చినా అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది.

పేజీల మాట. ఒక్కో స్కూల్ ఒక్కో రూలు పెడుతుంది. ఒకచోట పేజీల సంఖ్యకు పరిమితి, ఇంకోచోట ఫైలు ఎన్ని ఎంబీలో పరిమితి. జాబితాలో ఉన్న స్కూళ్లన్నిటి రూల్స్ ఒక టేబుల్‌లో రాసుకుని, అన్నిటికన్నా కఠినమైనదానికి సరిపోయేలా మొదటి వెర్షన్ తయారుచేయండి. చూసేది స్క్రీన్ మీద కాబట్టి అడ్డం పేజీలే మంచివి. ఏ1 షీట్‌ను యథాతథంగా చిన్నది చేసి పెడితే గీతలన్నీ కలిసి నల్లటి మచ్చలా కనిపిస్తాయి. ప్లాన్‌ని మళ్లీ తెరిచి, ఆ సైజుకి తగ్గట్టు లైన్‌వెయిట్లు మార్చి, అక్కర్లేని డైమెన్షన్లు తీసేసి కొత్తగా పేజీ చేసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది.

సిద్ధమయ్యాక ముగ్గురికి చూపించండి: మీకు పాఠం చెప్పిన ఒకరు, ఆఫీసులో సీనియర్ ఒకరు, ఆర్కిటెక్చర్‌తో సంబంధం లేనివాళ్లు ఒకరు. మూడోవాళ్లకు రెండు నిమిషాలే ఇచ్చి, ల్యాప్‌టాప్ మూసేసి "ఏం గుర్తుంది?" అని అడగండి. మా చిన్నమ్మకు గుర్తున్నది వాన సెక్షన్ ఒక్కటే. నేను దాన్ని మొదటి పేజీకి జరిపాను.

రికమండేషన్ లెటర్లు

చాలా స్కూళ్లు మూడు అడుగుతాయి. హెచ్‌ఓడీ పదవి చూసి అడగకండి. మీ డిజైన్‌ను వారం వారం బల్ల దగ్గర కూర్చుని చూసినవాళ్లను అడగండి. ఇద్దరు కాలేజీ నుంచి, ఒకరు ఆఫీసు నుంచి ఉంటే బాగుంటుంది.

ఫోన్‌లో కాకుండా వీలైతే వెళ్లి కలవండి. "సార్, ఈ ఏడాది ఆరు స్కూళ్లకు అప్లై చేస్తున్నాను. నాలుగో ఏడాది అర్బన్ డిజైన్ స్టూడియోలో మీరు నా పని చూశారు. దాని గురించి మీరు రాయగలిగితే బాగుంటుందని వచ్చాను. మీకు వీలవుతుందా?" అని సూటిగా అడగండి. ఆయన తటపటాయిస్తే బలవంతపెట్టొద్దు, అయిష్టంగా రాసిన లెటర్ మీకు చేటు చేస్తుంది.

మన దగ్గర తరచూ వచ్చే జవాబు ఇంకొకటుంది: "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను." ఆయన చెడ్డ ఉద్దేశంతో అనరు, తీరిక లేక అంటారు. అయినా రాయకండి. మీరే రాస్తే మూడు లెటర్లూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లకు తెలిసిపోతుంది. దానికి బదులు ఒక పేజీ ఇవ్వండి: మీరు ఆయన దగ్గర చేసిన ప్రాజెక్టు పేరు, రెండు డ్రాయింగులు, ఆయన చెప్పిన మాటతో మీరు ఏం మార్చారో, స్కూళ్ల పేర్లు, తేదీలు. ఆ పేజీ ముందుంటే ఎవరికైనా అరగంటలో లెటర్ వస్తుంది.

లెటర్‌ను స్కూలే నేరుగా వాళ్ల మెయిల్‌కు లింక్ పంపి తీసుకుంటుంది. కాలేజీ లేదా ఆఫీసు మెయిల్ ఐడీ అడిగి తీసుకోండి, సొంత జీమెయిల్ అయితే కొన్ని స్కూళ్లు అనుమానిస్తాయి. లింక్ స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, అందుకే పంపిన రోజే చెప్పండి. లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో అడిగితే అవునని పెట్టండి. డెడ్‌లైన్‌కి మూడు వారాల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి గుర్తుచేయడంలో తప్పు లేదు.

ఎస్‌ఓపీ

"చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలు గీయడం ఇష్టం" అని మొదలుపెట్టొద్దు. మీకు ఏ ప్రశ్న పట్టుకుందో చెప్పండి. హైదరాబాద్ చెరువుల అంచుల్లో ఇళ్లు ఎందుకలా వస్తున్నాయి? విజయవాడ మే నెల ఎండల్లో ఏసీ లేని రెండు గదుల ఇంట్లో ఎలా బతకాలి? ఆ ప్రశ్నను మీ ఏ ప్రాజెక్టులో తడిమారు, ఎక్కడ ఆగిపోయారు, ఆ స్కూల్‌లో ఎవరి దగ్గర దాన్ని ముందుకు తీసుకెళ్లాలనుకుంటున్నారు అన్నవి రాయండి. ఎస్‌ఓపీ, పోర్ట్‌ఫోలియో ఒకే మనిషివని తెలియాలి. కన్సల్టెన్సీ ఇచ్చే రెడీమేడ్ ఎస్‌ఓపీ జోలికి పోకండి.

పరీక్షలు, కాగితాలు, పేరు

టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లు చెల్లుతాయి, జీఆర్ఈ ఐదేళ్లు. చాలా ఆర్కిటెక్చర్ స్కూళ్లు జీఆర్ఈ అడగడం మానేశాయి. మీ జాబితాలో ఒక్కటీ అడగకపోతే దాని మీద టైమ్, డబ్బు పెట్టకండి.

ట్రాన్‌స్క్రిప్ట్‌లకు యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి రావచ్చు. సెప్టెంబర్‌లోనే అప్లై చేసి, సీల్ వేసిన కవర్లు అవసరానికన్నా రెండు మూడు ఎక్కువ తీసుకోండి. బ్యాక్‌లాగ్ ఉండి తర్వాత పాసైతే దాచొద్దు, మెమోలో ఎలాగూ కనిపిస్తుంది.

పేరు గొడవ మనవాళ్లందరిదీ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది, బీఆర్క్ మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇంగ్లిష్ పరీక్ష, అప్లికేషన్ రెండూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పెట్టండి. పాస్‌పోర్ట్‌లో తప్పుంటే, గడువు దగ్గరపడితే ఇప్పుడే సరిచేయించుకోండి.

జర్మనీ కూడా ఆలోచిస్తుంటే, 2022 నవంబర్ నుంచి భారతీయ విద్యార్థులు స్టూడెంట్ వీసాకు, మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ చూపించాలి. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, క్యాలెండర్‌లో దానికి చోటు పెట్టండి.

డెడ్‌లైన్ రోజు లెక్క కూడా చూసుకోండి. అమెరికా ఈస్టర్న్ టైమ్ ప్రకారం రాత్రి 11:59 అంటే చలికాలంలో మనకు మర్నాడు ఉదయం 10:29. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఫీజు కట్టే కార్డుకి ఇంటర్నేషనల్ పేమెంట్స్ ఆన్ చేసి ఉందో లేదో ముందు రోజే చూడండి. ఆఖరి నిమిషంలో ఓటీపీ రాక పడే టెన్షన్ ఎవరికీ వద్దు.

డబ్బు గురించి ఇంట్లో ముందే కూర్చోండి

అడ్మిట్ వచ్చాక మాట్లాడుకుందాం అని వాయిదా వేయకండి. వీసాకు కావాల్సిన, స్కూల్ ఇచ్చే ఐ20 పత్రం రావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు చూపించాలి. బ్యాంకుల సాధారణ విద్యారుణ పథకంలో 7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా అడుగుతారు. పొలం ఉంది కదా అనుకుంటాం గానీ చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి తీసుకోవు, ఇల్లో ఫ్లాటో కావాలి. దానికి లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ అయ్యేసరికి నెల పైనే పడుతుంది. తాతగారి పేరు మీద ఉన్న ఇల్లయితే ఇంకా ఎక్కువ. అప్లికేషన్లు పంపిన జనవరిలోనే నాన్నగారితో కలిసి ఆ కాగితాలు బయటికి తీయండి.

స్కాలర్‌షిప్‌ల గడువులు అడ్మిషన్ గడువులతో కలవవు. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి లోన్ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి పథకాలున్నాయి. వాటి అర్హత కోర్సుల జాబితాలో ఆర్కిటెక్చర్ ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇవన్నీ ఒక్క పేజీలో తేదీలతో రాసి గోడకు అంటించండి.

ఇండియాలోనే చదవాలనుకుంటే

ఇది రెండో రకం దారి అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ల్యాండ్‌స్కేప్, కన్జర్వేషన్ లాంటి విషయాలకు మన నేల మీద చదవడమే మేలు కావచ్చు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ ఉంది. దరఖాస్తులు ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో, పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఉద్యోగంలో చేరేముందే రాసి పెట్టుకోవచ్చు. 2008లో మొదలైన విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో సస్టెయినబుల్ ఆర్కిటెక్చర్, ల్యాండ్‌స్కేప్, కన్జర్వేషన్ ఉన్నాయి, సీట్లు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో వస్తాయి. గేట్‌తో చేరినవాళ్లకు కేంద్ర సంస్థల్లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. బీవీ దోషి 1962లో అహ్మదాబాద్‌లో మొదలుపెట్టిన స్కూల్ నుంచి ఎదిగిన సెప్ట్ యూనివర్సిటీకి మాత్రం సొంత అడ్మిషన్ ప్రక్రియ ఉంది. గేట్ రాస్తూ విదేశాలకు కూడా పెడదామనుకుంటే, డిసెంబర్, జనవరి నెలల్లో రెండూ ఢీకొంటాయని ముందే తెలుసుకోండి. నవంబర్ చివరికి అప్లికేషన్లు పంపేసి, మిగిలిన రెండు నెలలు గేట్‌కి ఇచ్చుకోండి.

పంపాక

సబ్మిట్ నొక్కాక ప్రతి స్కూల్ పోర్టల్ వారానికోసారి తెరిచి ట్రాన్‌స్క్రిప్ట్, లెటర్లు, స్కోర్లు చేరాయో లేదో చూడండి. ఏదైనా రాలేదని ఉంటే మర్యాదగా మెయిల్ పెట్టండి, ఎదురుచూస్తూ కూర్చోకండి. ఫలితాలు ఎక్కువగా ఫిబ్రవరి చివర, మార్చిలో వస్తాయి. ఒకటికి మించి అడ్మిట్లు వస్తే ట్యూషన్‌లో ఎంత తగ్గిస్తారో అడగండి. అడిగితే సీటు తీసేయరు. ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్లకు చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా సమయం ఇస్తాయి. అప్పటిదాకా అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. స్టూడియోలో ఎంతమంది ఉంటారు, మోడల్ సామాను ఖర్చు నెలకు ఎంత, టీచింగ్ అసిస్టెంట్ పని ఎవరికి దొరుకుతోంది అని అడగండి.

ఎక్కడో తేల్చుకున్నాక డిపాజిట్ కట్టి, ఐ20 రాగానే, విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు కట్టి, వీసా స్లాట్ చూసుకోండి. హైదరాబాద్ కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. వేసవిలో స్లాట్లకు రద్దీ బాగా ఉంటుంది కాబట్టి ఐ20 వచ్చిన వారంలోనే వీసా దరఖాస్తు ఫారం డీఎస్160 నింపండి.

వద్దనుకున్న స్కూళ్లకు రాలేనని వెంటనే రాయండి, వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఇంకెవరికో ఆ సీటు వెళ్తుంది. మీకు లెటర్లు రాసిన ముగ్గురికీ ఫలితం మీ నోటితోనే తెలియాలి, ఆ సాయంత్రమే ఫోన్ చేయండి.